ఉతికినా పోని ముద్ర

గుడ్డల అంగడి వాళ్ళ పిల్లలు రోజుకొక కొత్త గుడ్డ తొడుక్కుంటారని ఊరంతా అనుకుంటుంది. పెళ్ళికి ముందు నేనూ అలాగే అనుకున్నాను. మాది పులివెందుల. కోమటి పుట్టుక పుట్టి తక్కెడ పట్టకుండా బెత్తం పట్టాడని మా నాయన అంటే బంధువులకు లోకువ. బడిపంతులు ఇంట్లో ఏడాదికి ఒకసారి నేతగుడ్డ వస్తే అదే పండగ. అలాంటి ఇంటి పిల్ల ప్రొద్దుటూరులో గుడ్డల అంగడి వారింటికి కోడలుగా పోతోందంటే మా వీధి ఆడవాళ్ళకు నన్ను చూసి కడుపు మండిపోయింది.

వచ్చాక తెలిసింది. అమ్ముడుపోయే గుడ్డ అంగడిది, అమ్ముడుపోని గుడ్డ ఇంటిది.

ముందు అంగడి, వెనక ఇల్లు, మధ్యలో ఒక తెర. తెర కూడా అమ్ముడుపోని గుడ్డే. కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు తరలిపోయిన రోజుల్లో మా ఆయన ఒక చీటిగుడ్డ తాను తెప్పించాడు. పచ్చటి నేల మీద అరచేయంత ఎర్ర చిలకలు. ఏ మిల్లువాడు ఏ మత్తులో అచ్చు వేశాడో గానీ, ప్రతి చిలకా కన్నెర్రజేసి చూసేవాళ్ళనే చూస్తూ ఉండేది. తాను విప్పి పరిచిన మొదటి రోజే ఒక రైతు భార్య, "ఇదేందప్పా, ఇది కట్టుకుంటే గొడ్లు బెదురుతాయి" అని లేచిపోయింది. ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు.

మా ఆయన గుడ్డ పారేసే రకం కాదు. ఆయనకు గుడ్డ పారేయడమంటే అన్నం పారేయడమే. చిలకలు తెర అయ్యాయి, దిండు గలీబులయ్యాయి, మా అత్తగారి వక్కాకు సంచి అయ్యాయి. అప్పటికీ తాను తరగలేదు. మా అమ్మాయి పావడా, మా అబ్బాయి చొక్కా, వాడి ఇంకో చొక్కా, ఆ ఇంకోదానికి మార్పు చొక్కా అయ్యాయి. పొద్దున లేచి కళ్ళు తెరిస్తే ఇంట్లో మనుషులకంటే ముందు చిలకలు కనిపించేవి.

నా కొడుకు అప్పుడు హైస్కూల్లో సెకండు ఫారం, అంటే ఇప్పటి ఏడో తరగతి. మీసం రాకముందే రోషం వచ్చే వయసు. ఆ రోషానికి నిప్పు పెట్టింది జమ్మలమడుగులో మా ఆడబిడ్డ కూతురి పెళ్ళి.

మేము పిల్లలిద్దరికీ కొత్త చిలకలు తొడిగి బస్సెక్కాము. అక్కడికి పోయి చూస్తే, భోజనాల పందిట్లో వంటవాళ్ళు కనిపించకుండా కట్టిన అడ్డుతెర నిండా మా చిలకలే. పెళ్ళి పనులకు పనికొస్తుందని మా ఆయనే నెల ముందు ఆ గుడ్డ వాళ్ళకు పంపి ఉన్నాడు. నా ఖర్మ కొద్దీ మా పిల్లలను సరిగ్గా దాని ముందే కూర్చోబెట్టారు. వడ్డించేవాడు అన్నం బుట్టతో వాళ్ళను దాటి పోయాడు. నిజంగా కనబడలేదో, వేళాకోళానికే చేశాడో నాకు తెలియదు. పంక్తి పంక్తంతా నవ్వింది. నా కొడుకు వయసు పిల్లలు, "ఈడ తెరకు తలకాయ మొలిచింది రా!" అని అరిచారు. ఆ రోజు తీసిన ఫోటో ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. అందులో మా పిల్లలవి రెండు ముఖాలు, నాలుగు చేతులు మాత్రం గాల్లో తేలుతుంటాయి. మిగతాదంతా చిలకలే.

తిరుగు బస్సులో వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ప్రొద్దుటూరు దగ్గరపడుతుండగా నా వైపు తిరిగి, "మా, నాకు తేరు ముద్ర చొక్కా కావాల" అన్నాడు.

తేరు ముద్ర అంటే ఏమిటో ఇప్పటివాళ్ళకు చెప్పాలి. అప్పట్లో మిల్లు గుడ్డ తానుకు ఒక చివర మిల్లువాడు బంగారు రంగుతో తన గుర్తు అచ్చు వేసేవాడు. ఒక పెద్ద మిల్లు గుర్తు తేరు. చక్రాలు, పైన గొడుగు, చుట్టూ ఇంగ్లీషు అక్షరాలు, అన్నీ తళతళ మెరిసేవి. తానుకంతటికీ ముద్ర ఒక్కటే. అందుకని అంగళ్ళలో తానును ముద్ర లేని కొసనుంచి కోసుకుంటూ వచ్చేవాళ్ళు. ఏ గిరాకి వచ్చినా ముద్ర చూపించి గుడ్డ అమ్మవచ్చు. ముద్ర ఉన్న కొసను కత్తెరతో ముట్టుకోవడం మా ఆయన దృష్టిలో దేవుడి మెడలో గొలుసు తెంచడంతో సమానం. కాబట్టి ముద్ర ఎవరికి దక్కుతుందంటే, తాను మొత్తం కొనగలిగిన వాళ్ళకు. అలాంటి వాళ్ళ పిల్లలకు దర్జీ ఆ ముద్ర సరిగ్గా జేబు మీదికి వచ్చేట్టు కత్తిరించి కుట్టేవాడు. చొక్కా మీద తేరు ఉందంటే వీళ్ళ ఇంట్లో తానులు దిగుతాయని ఊరికి చాటింపు వేసినట్టే.

ఈ పిచ్చి ఊరికి ఎక్కించిన మహానుభావుల్లో మా ఆయనే ముందు వరస. తెరకు అవతల కూర్చుని పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆయన చెప్పే మాట ఒకటే.

"గుడ్డ చూడొద్దు మామా, ముద్ర చూడు. ముద్ర ఉండాదంటే మిల్లోడు వచ్చి నీ పక్కన నిలబడినట్ల. ముద్ర ల్యాని గుడ్డ మూడు ఉతుకులకు జల్లెడైతాది."

కొడుకు పోయి తేరు ముద్ర అడగ్గానే, అదే నోటితో, తెరకు ఇవతల నిలబడి ఏమన్నాడో వినండి.

"గుడ్డ మానం కాపాడేదానికి రా. ముద్రలు ఎద్దులకేస్తారు, మనుషులకు కాదు."

"మరి ఆ పక్క అట్ల చెప్తాండావు కదా నాయనా?"

"ఆ పక్క యాపారం. ఈ పక్క సంసారం."

"అట్లైతే నువ్వెందుకు చిలకల చొక్కా తొడుక్కోవు?"

మా ఆయన ఎప్పుడూ మల్లెపువ్వులాంటి మిల్లు గుడ్డే కట్టేవాడు. అంగట్లో కూర్చునేవాడు మాసికలతో కూర్చుంటే గిరాకులు ఎవరొస్తారు అని ఆయన వాదన. ఆ రోజు కూడా అదే అన్నాడు. "అంగట్లో కూచునేది నేను. నువ్వు కూచున్నప్పుడు నువ్వూ కట్టుకుందువులే."

వాడు ఆ మాటే పట్టుకున్నాడు. మరునాడు పుస్తకాల సంచి మూలన పడేసి, "నేను ఇస్కూలుకు పోను. అంగట్లోనే కూచుంటా" అన్నాడు.

కారణం అడిగితే చెప్పాడు. వాడి తరగతిలో లింగాల నుంచి వచ్చిన ఒక రైతు కొడుకు ఉన్నాడు. ఇక్కడ మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటున్నాడు. తేరు ముద్ర మొదట తెచ్చింది ఆ పిల్లవాడే. వాళ్ళ నాయన మా అంగట్లోనే తానులు కొంటాడు. మా ఆయన ఆ నాయనకు చెప్పిన మాట ఆ పిల్లవాడు బడికి మోసుకొచ్చాడు. "ముద్ర ల్యాని గుడ్డ జల్లెడైతాదని మీ నాయనే చెప్పినాడు గదరా, నీది ఎప్పుడైతాది?" అంటూ పిల్లలంతా రోజూ వాడి చొక్కాను వేలితో పొడిచి చూస్తున్నారట.

నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఆయనకు మాత్రం కళ్ళు మెరిశాయి. కొడుకు చదువు మానేసి తనంతట తానే గద్దె ఎక్కుతానంటున్నాడు! ఇంతకంటే శుభవార్త ఏముంది? "పోనీలే, చదివి మాత్రం ఏం ఊడబెరుకుతాడు, లెక్కలొస్తే శానా" అన్నాడు. నేను బడిపంతులు కూతురిని. వాడు పెద్ద చదువు చదవాలని వాడు పుట్టిన రోజే అనుకున్నదాన్ని. ఎర్ర చిలకలకు భయపడి నా కొడుకు చదువు మానుకుంటే మా నాయనకు నా ముఖం ఎట్లా చూపించేది?

వాడిని రెండు రోజులు ఆగమన్నాను. మా నాయన పులివెందుల నుంచి పంపిన తెల్లటి నేతగుడ్డ ఒకటి నా పెట్టెలో ఉంది. దానితో దర్జీ చేత చొక్కా కుట్టించాను. అంగట్లో తేరు ముద్ర ఉన్న తాను ఒకటి తెర సందులోంచి కనిపిస్తూ ఉండేది. మధ్యాహ్నాలు మా ఆయన భోంచేసి నడుం వాల్చినప్పుడు ఆ తేరును చూస్తూ, పసుపు పట్టుదారంతో జేబు మీద తేరు కుట్టాను. చక్రాలు కుట్టాను, గొడుగు కుట్టాను, నాకు అర్థం కాని ఇంగ్లీషు అక్షరాలు కూడా ముగ్గు వేసినట్టు వేసేశాను. చెప్పుకోకూడదు గానీ మిల్లువాడి తేరు కంటే నా తేరే బాగా వచ్చింది. నేను చేసింది తప్పని ఎవరైనా అంటే అననివ్వండి. ఊరంతా ముద్ర చూసి మనిషిని లెక్కగడుతుంటే, ఒక ముద్ర వేసి నా బిడ్డను బడికి పంపాను, అంతే.

వాడు ఆ చొక్కా తొడుక్కుని అద్దం ముందు అటు తిరిగి ఇటు తిరిగి, నాయన కంటబడకుండా పెరటి దారిన బడికి పరుగెత్తాడు. సాయంత్రం వచ్చి నా పక్కన కూర్చుని రెండు పళ్ళాలు అన్నం తిన్నాడు. పొడిచే వేళ్ళు ఆగిపోయాయట. నెల రోజులు నా పట్టుదారం మిల్లు బంగారంగా చెల్లుబాటైంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అసలైన తేరు ముద్ర గంజి మీద వేసిన రంగు. నీళ్ళు తగిలితే పోతుంది. అందుకని తేరు ముద్ర చొక్కాలను ఎవరూ ఉతకనిచ్చేవాళ్ళు కాదు. పిల్లలే కాదు, తల్లులు కూడా ఉతికేవాళ్ళు కాదు, అంత పెట్టి తాను కొన్న గొప్ప చాకిరేవు పాలవుతుందని. మా ఎండలు ఎట్లాంటివో కడప జిల్లా వాళ్ళకు చెప్పనక్కర్లేదు. వేసవి ముదిరేసరికి హైస్కూల్లో సెకండు ఫారం గదిలోకి పోవాలంటే పక్క గది పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. కాలర్లు నల్లగా అట్టలు కట్టాయి, చంకల్లో ఉప్పు తెల్లగా తేలింది, జేబు మీద తేరు మాత్రం ధగధగలాడుతోంది. ఊరిలో ఎంత గొప్పింటి బిడ్డయితే అంత కంపు.

చివరికి సైన్సు అయ్యవారు తట్టుకోలేక, సోమవారం ఉతికిన చొక్కాతో రానివాడు ఎండలో నిలబడాలని చెప్పేశాడు. ఇంటింటా ఏడుపులే ఏడుపులు. చాకిరేవులో ఆ ఆదివారం ఎన్ని తేర్లు కొట్టుకుపోయాయో ఆ బండకే తెలియాలి. నేను కూడా మా వాడి చొక్కాను శుభ్రంగా కుంకుడు రసంలో నానబెట్టి, ఉతికి, ఆరేసి, మడతపెట్టి ఇచ్చాను. తెలివి అక్కడ తెల్లారింది. పోవాల్సిన ముద్ర పోకపోతే ఏమవుతుందో నాకు తట్టనే లేదు.

సోమవారం గదినిండా తెల్లటి చొక్కాలు. ఒక్క ముద్ర లేదు, నా కొడుకు జేబు మీద తప్ప.

దారంతో కుట్టిందని ఎవరైనా చేయి పెట్టి చూస్తే తెలిసేది. కానీ ఆ రోజు ఎవరూ చేయి పెట్టలేదు. దూరంనుంచే నోళ్ళు తెరుచుకుని చూశారట. వాళ్ళకు తోచింది వేరే. ఆ తోచినది మరునాడు సాయంత్రం లింగాల రైతు రూపంలో మా అంగడి మెట్లెక్కింది.

ఆయన కూతురి పెళ్ళి పెట్టుకున్నాడు. పెళ్ళి గుడ్డలన్నీ మా అంగట్లోనే తీస్తానని ముందే మాట ఇచ్చి ఉన్నాడు. వెంట కొడుకు, ఇంకా నలుగురు బంధువులు. మా ఆయన చాప మీద దులిపిందే దులిపి, "రా మామా, కూచో మామా" అంటున్నాడు. నేను తెర వెనక నిలబడి ఉన్నాను.

ఆయన కూర్చోలేదు. "ఏందప్పా సెట్టీ, ముద్ర చూడు, ముద్ర చూడు అని చెప్పినావు. మా పిలగాని ముద్ర ఒక్క ఉతుకుకు పాయ. నీ కొడుకుది ఉతికినా పోలేదంట. అసలు ముద్ర మీ ఇంట్లో పెట్టుకుని, దొంగ ముద్ర మాకు అంటగడతాండావా?"

అంగట్లో ఉన్న వాళ్ళందరూ ఇటు తిరిగారు. మా ఆయనకు ఏమీ అర్థం కాలేదు. "మా వాడికి ముద్ర యాడిది మామా? వాడికి నేను ముద్ర గుడ్డ ఎప్పుడూ ఇయ్యల్యా!"

సరిగ్గా అప్పుడే నా కొడుకు బడి నుంచి వచ్చి, అంగట్లో జనాన్ని చూసి, పెరటి దారి సంగతి మరిచి మెట్ల దగ్గర నిలబడ్డాడు. జేబు మీద తేరు సాయంత్రపు ఎండకు మెరుస్తోంది. జనంలో ఎవరో, "అదో, ఉండాది గదప్పా!" అన్నారు.

మా ఆయన లేచి పోయి వాడి భుజం మీద చేయి వేశాడు. గుడ్డను రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. చీకట్లో పట్టుకున్నా అది ఏ ఊరి నేతో చెప్పగల మనిషి ఆయన. ఆ వేళ్ళ మధ్యకు గుడ్డ వచ్చిన క్షణంలోనే ఆయనకు అంతా తెలిసిపోయింది. అది మా నాయన పంపిన నేతగుడ్డ అని తెలిసింది. ఆ పట్టుదారం ఎవరి పెట్టెలోదో కూడా తెలిసింది. తల తిప్పి నేరుగా తెర వైపు చూశాడు. ఇక అయిపోయింది, ఇప్పుడు అందరి ముందూ చెప్పేస్తాడు అనుకున్నాను. చెబితే అంగడి నిలబడుతుంది. కానీ లింగాల పిల్లవాడు అక్కడే నిలబడి ఉన్నాడు. రేపు బడిలో నా కొడుకు ఏమవుతాడు?

ఆయన చెప్పలేదు. పొద్దంతా నోరు మూయని మనిషి, ఒక గిరాకి చెయ్యి జారిపోతుంటే ఊరవతలికి వెంటబడి అయినా పిలుచుకొచ్చే మనిషి, కొడుకు భుజం మీద చేయి వేసుకుని నిలబడిపోయాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు. నిజం చెబుతున్నాను, నగలు చేయించిన రోజున కూడా కలగలేదు.

"సరేలేప్పా, ఇంకో అంగడి చూసుకుంటాం" అని రైతు పైగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు.

అప్పుడు నా కొడుకు మాట్లాడాడు. "ఇది మిల్లు ముద్ర కాదు మామా. మా అమ్మ కుట్టింది. గుడ్డ మా తాత పంపిచ్చినాడు. మా నాయనకు తెలీదు. మీదే అసలు ముద్ర, అది ఉతికితే పోతాది. నాదే దొంగది."

అని జేబు లోపలి వైపు తిప్పి చూపించాడు. లోపల నా ముళ్ళు, నా అతుకులు, తెగిన దారపు కొసలు. బయట చక్రాలు ఎంత అందంగా ఉన్నా లోపల అంతా చిక్కు. లింగాల పిల్లవాడు నవ్వడానికి నోరు తెరిచాడు. వాళ్ళ నాయన ఒక్క చూపు చూసేసరికి మూసుకున్నాడు.

రైతు వంగి ఆ ముళ్ళను చాలాసేపు చూశాడు. "అంటే మిల్లోడు ఇన్ని దుడ్లు తీసుకుని ఒక్క ఉతుకుకు పొయ్యే తేరు ఇచ్చినాడు. నీ పెండ్లాం ఊరికే కుట్టి నిలబడే తేరు ఇచ్చింది. యాపారం ఆయమ్మకు అప్పజెప్పి నువ్వు వంట చెయ్యిపో సెట్టీ" అని పెద్దగా నవ్వి చాప మీద కూర్చున్నాడు. పెళ్ళి గుడ్డలన్నీ తీశాడు. పోతూ పోతూ, పెళ్ళికొడుకు చొక్కా మీద కూడా ఆయమ్మ చేత తేరు కుట్టిస్తావా అని అడిగాడు. ముద్రలు ఎద్దులకేస్తారంట, ఆయన్నే అడగండని తెర వెనక నుంచి అన్నాను. అంగడంతా నవ్వింది, మా ఆయన తప్ప.

ఆ సాయంత్రం అంగడి కట్టేసే ముందు మా ఆయన తేరు ముద్ర తాను దించాడు. చాలాసేపు దాన్ని చేత్తో నిమిరాడు. తర్వాత ముద్ర ఉన్న కొస నుంచి కత్తెర పెట్టాడు. ఆ చప్పుడుకు మా అత్తగారు వక్కాకు సంచి వదిలేసి లేచి వచ్చారు. "ఏందిరా, మతి పోయిందా?" అంటే, "పిల్లోనికి చొక్కా" అన్నాడు. మర్నాడు అదే తాను చూపించి, ముద్రదేముంది మామా, గుడ్డ పట్టుకుని చూడు అని గిరాకులకు చెబుతుంటే తెర ఇవతల నాకు నవ్వు ఆగలేదు. సంసారం మాట యాపారంలోకి పోవడం మా ఇంట్లో అదే మొదలు.

దర్జీ చొక్కా కుట్టి ఇచ్చాడు. జేబు మీద అసలైన తేరు. వాడు ఒక్క రోజు తొడుక్కుని బడికి పోయి వచ్చాడు. రాగానే చొక్కా విప్పి నా ముందు వేశాడు.

"ఉతుకు మా."

"ముద్ర పోతాది రా!"

"పోతే పోనీ. పోయిన చోట నువ్వు ఒకటి కుట్టు."

"తేరు కుట్టాలనా?"

"తేరొద్దు. చిలక కుట్టు." నేను వాడి ముఖంలోకి చూశాను. వేళాకోళం లేదు. "చిలకైతే మిల్లుదని ఎవరూ అనుకోరు. మనింట్లోదని అందరికీ తెలుస్తాది."

నేను ఎర్ర దారం తీసుకుని, చూసి కుట్టడానికి తెర ముందు కూర్చున్నాను. ఇన్నేళ్ళు తిట్టుకోవడమే గానీ, ఆ చిలక ముఖం సరిగ్గా చూసింది అప్పుడే. సూదిలో దారం ఎక్కలేదు. కళ్ళు నిండి బెజ్జం కనిపించడం లేదు. సూదీ దారం వాడి చేతికే ఇచ్చాను. వాడు కొస తడిపి ఎక్కించి ఇచ్చాడు.